కిలో పదిహేను

లెక్కల సారు దసరా ముందు బదిలీ మీద వెళ్లిపోయాడు.
బోర్డు మీద ఆయన రాసిన సగం లెక్క
మూడు రోజులు అలాగే ఉంది.
నాలుగో రోజు అటెండరు సింహాద్రి
తడిగుడ్డ పెట్టి తుడిచేశాడు.
నెల్లిమర్ల కాలేజీలో ఆ ఏడాది
మా సమాకలనం అంతవరకే.

బదిలీ అంటే మా ఇంట్లో ఇంకో అర్థం.
జూట్ మిల్లులో అమ్మ బదిలీ వర్కరు.
ఎవరో రాని రోజునే అమ్మకి పని.
కూత వినపడగానే గేటు దగ్గరికెళ్లి
రానివాళ్ల కోసం ఎదురుచూస్తుంది.

స్టార్ బ్యాచ్ అని ఒకటుంటుందని
ఆటోల వెనక ఫోటోల్లో చూశాను,
తలకింద తలకింద ర్యాంకు.
ఆ తలలకి చెప్పేదేదో మాకు చెప్పరు, అది తెలుసు.
ఏం చెబుతారో తెలీదు.
తెలీనిదాన్ని ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చదవడం?

విజయనగరంలో స్టేషను దాటాక
అప్పలసూరి పాత కాగితాల కొట్టు.
పెళ్లికార్డులు, పంచాంగాలు, మందుల అట్టలు,
వాటి కింద పురికొసతో కట్టిన లావుపాటి పుస్తకాలు.
అదే కాలేజీ. అదే చుక్క గుర్తు.
"ఏటమ్మా అలా సూత్తన్నావు? కిలో పదిహేను.
సదూకున్నా అంతే, పకోడీలు కట్టినా అంతే."
నాలుగు కిలోల మూడొందల గ్రాములు.
అరవై నాలుగున్నర. అర్ధరూపాయి వదిలేశాడు.

పుస్తకం ఇంగ్లీషు, నేను తెలుగు.
లిమిట్ అంటే అవధి అనీ
ఫంక్షన్ అంటే భోజనాలుండవు, అది ప్రమేయమనీ
కూడబలుక్కునేసరికి కార్తీకం వెళ్లిపోయింది.

అంచుల నిండా ఎవరిదో పెన్సిలు.
పేరు లేదు. అట్ట లోపల హాస్టలు మంచం నంబరు.
"ఇది రాదు." "ఇది మళ్లీ." "సార్ ఇక్కడ నవ్వేరు."
ఒకచోట "4.50, నిద్ర."
ఒకచోట పెసరట్టు బొమ్మ, పక్కన అల్లం పచ్చడి కూడా.
"నాన్నకి చెప్పాలి" అని రాసి కొట్టేశాడు.
అతనో ఆమో. నేను అతననే అనుకున్నాను.

నూట నలభై ఆరో పేజీలో
ఋణం గుర్తు మరిచిపోయాడు.
అక్కణ్ణుంచి కింద లెక్కంతా వంకర.
తప్పు అతనిదే అని నమ్మడానికి
నాకు రెండు రాత్రులు పట్టింది.
స్టార్ బ్యాచ్‌లో కూడా తప్పు చేస్తారా?
ఎర్ర పెన్నుతో చిన్న గీత పెట్టి
"ఋణం సరిచేశానమ్మా!" అని గట్టిగానే అన్నట్టున్నాను.
"ఏటే, డ్వాక్రాదా?" అని
అమ్మ నిద్రలోనే లేచి కూర్చుంది.

రెండువందల పద్నాలుగు తరవాత పెన్సిలు లేదు.
తెల్లటి అంచులు. మూల మడత కూడా పడని కాగితాలు.
వేరే పుస్తకాలు ఇచ్చుంటారు.
ఇంటికొచ్చేసుంటాడు, పెసరట్టు తింటూ ఉండుంటాడు.
ఈ కట్ట ఎవరు తెచ్చి అమ్మారని
అప్పలసూరిని అడుగుదామని రెండుసార్లు వెళ్లాను.
రెండుసార్లూ ఎవరివో పెళ్లికార్డులు తిరగేసి
ఆటో ఎక్కి వచ్చేశాను.

ఆ పేజీ దాటాక నేనొక్కదాన్నే.
చంపావతి వంతెన మీద తెల్లారగట్ల గూడ్సు,
దాని వెనక మిల్లు కూత,
కొన్నాళ్లు అదీ లేదు.
అంచుల్లో ఇప్పుడు నా రాత:
"ఇది అడగరేమో. అడిగితే?"
"అమ్మకి ఈ వారం రెండే షిఫ్టులు."
"ఇది వచ్చింది!!"
ఎవరూ లేని గదిలో ఎవరికి చెప్పానో అది.

రేపు యూనివర్సిటీ ప్రవేశపరీక్ష.
సీటు రాకపోతే ఇవి మళ్లీ అప్పలసూరి కాటా మీదికే.
ఇంత సిరా తాగాయి కదా,
యాభై గ్రాములైనా పెరిగుంటాయా అని
ఉత్త చేతులతో తూచి చూశాను.

"లైటు తీసీవే, బేగి లెగాల."
తీస్తానమ్మా.
రెండువందల తొంభై ఒకటి,
అడుగున ఇంకో లెక్కుంది.